పాఠంలో పడని బాంబు

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా అక్క కూతురితో కలిసి విశాఖ బీచ్‌లో నడుస్తున్నాను. తను పదో తరగతి, సీబీఎస్ఈ. అలలు ఇసుకని కోసేసిన చోట ఒక సిమెంటు గది పక్కకి ఒరిగి, సగం కూరుకుపోయి కనిపించింది. గోడకి కన్నాలున్నాయి. ఇద్దరు కుర్రాళ్ళు దానిమీదెక్కి సెల్ఫీలు దిగుతున్నారు.

"ఇదేంటి మామయ్యా?"

"పిల్‌బాక్స్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు కట్టారు. ఆ కన్నాల్లోంచి తుపాకులు పెట్టుకుని కాపలా కాసేవాళ్ళు."

తను నన్ను అదోలా చూసింది. "ఊరుకో మామయ్యా! ఆ యుద్ధం యూరప్‌లో కదా జరిగింది!"

అక్కడితో ఆగలేదు. ఆ యుద్ధం ఎందుకొచ్చిందో వేళ్ళమీద లెక్కపెట్టి మరీ ఒప్పజెప్పింది. వెర్సయిల్స్ సంధి, ఆర్థిక మాంద్యం, హిట్లర్, పోలండ్ మీద దాడి. ఒక్కటీ తప్పు లేదు. నేను తెలుగు మీడియంలో చదివినప్పుడు కూడా ఇవే కారణాలు, దాదాపు ఇదే వరసలో. ఇరవై ఏళ్ళలో మీడియం మారింది, బోర్డు మారింది, ఫీజు సంగతి చెప్పనే అక్కర్లేదు. యుద్ధం మాత్రం ఇంకా యూరప్‌లోనే ఉంది.

తను నిలబడి ఆ మాట అన్న ఊరి మీద 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీద కూడా వేశాయి. ముందు రోజు కొలంబో, మూడు రోజుల తర్వాత ట్రింకోమలీ. ఆ కొద్ది రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగిపోయాయి. విశాఖ జనం మూటాముల్లే సర్దుకుని లోపలి ఊళ్ళకి పరిగెత్తారు. జపాన్ వాళ్ళు దిగబోతున్నారన్న భయంతో మద్రాసు నగరం చాలావరకు ఖాళీ అయిపోయింది. బాంబులు పడితే బోనులు విరిగి బయటికొస్తాయని అక్కడి జంతుప్రదర్శనశాలలో క్రూరమృగాలని కాల్చి చంపేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలిపోయింది. ఆ బాంబుల్లో పేలకుండా మిగిలిపోయిన ఒకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉంది. మా మేనకోడలు ఆ మ్యూజియం మీదుగా కనీసం యాభైసార్లు వెళ్ళుంటుంది.

నేను ఈ వ్యాసం రాస్తున్నది బాంబుల గురించి కాదు. విశాఖ మీద పడ్డ బాంబులు కొన్నే. ఆ యుద్ధం లెక్కల్లో అది చిన్న సంఘటన. నన్ను తొలిచేస్తున్నది వేరే. ఒక పిల్ల తన ఊరి మీద జరిగిన దాడి గురించి విని నవ్వగలిగిందంటే, మనం ఆమెకి చెప్పిన పాఠంలో కొంత తగ్గిందనుకుంటే సరిపోదు. ఆ పాఠం అల్లిక ఎలాంటిదంటే, అందులో ఆ దాడికి చోటే లేదు.

*

న్యాయంగా మాట్లాడుకుందాం. మన పాఠ్యపుస్తకాల్లో 1939-45 గురించి ఏమీ లేదని ఎవరైనా అంటే అది అబద్ధం. వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఎవరినీ అడక్కుండా భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. క్రిప్స్ రాయబారం వచ్చింది, విఫలమైంది. క్విట్ ఇండియా వచ్చింది. నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజు వచ్చింది. ఇవన్నీ ఏదో ఒక తరగతిలో చెబుతూనే ఉన్నారు. 2014లో రెండు తెలుగు రాష్ట్రాలకీ వచ్చిన పదో తరగతి సాంఘిక శాస్త్రంలో 1939-47 కి ఒక పాఠమే కేటాయించారు. దాన్ని తయారుచేసినవాళ్ళు మంచి ప్రయత్నమే చేశారు.

కానీ గమనించండి. ఈ పాఠాలన్నిట్లో యుద్ధం తెర వెనక మోగే డప్పు. తెర ముందు నాయకులు. డప్పు మోగినప్పుడల్లా ఒక నాయకుడు లేచి ఒక తీర్మానం చేస్తాడు. ఆ డప్పు ఎవరి వీపు మీద మోగుతోందో మాత్రం ఎవరూ చూడరు.

ఒక్క ఉదాహరణ చాలు. క్రిప్స్ రాయబారం ఎప్పుడు? 1942 మార్చి-ఏప్రిల్. ఈ జవాబు మనందరికీ కంఠతా వచ్చు. విశాఖ మీద బాంబులు పడ్డ రోజున క్రిప్స్ ఢిల్లీలోనే ఉన్నాడు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టిన పుస్తకం నేను బడిలో చదవలేదు. పెట్టి ఉంటే, ఇంగ్లాండు మంత్రి ఒకడు అంత హడావిడిగా ఎందుకు దిగాడో పదో తరగతి పిల్లకి అరనిమిషంలో అర్థమవుతుంది. సింగపూర్ ఫిబ్రవరిలో పడిపోయింది, రంగూన్ మార్చిలో పడిపోయింది, ఇక మన వంతు. క్విట్ ఇండియా 1942 ఆగస్టులోనే ఎందుకొచ్చిందో కూడా అప్పుడే అర్థమవుతుంది. బర్మా నుంచి నడిచొచ్చిన జనం ఊరూరా ఒకటే కథ చెప్పారు: దొరలు వాళ్ళని వాళ్ళు కాపాడుకున్నారు, మమ్మల్ని వదిలేశారు అని. రేపు జపాన్ వాడొస్తే ఇక్కడా అంతే కదా అన్న ఆలోచన ఆ ఏడాది గాలిలోనే ఉంది. అది తీసేస్తే క్విట్ ఇండియా అంటే బొంబాయి మైదానంలో ఒక మహానుభావుడికి ఉన్నట్టుండి కలిగిన ప్రేరణలా కనిపిస్తుంది. అంటే, ఖాళీ వదిలేసిన చోటే కాదు, నింపిన చోట కూడా కథ అర్థం కాకుండా పోతోంది.

*

ఆ బర్మా జనం ఎవరు? ఇక్కడ నాకు సొంత లెక్క ఒకటుంది.

మాది కోరంగి దగ్గర ఊరు. మడ అడవి చూడ్డానికి ఇప్పుడు పడవ షికార్లు నడుపుతున్న కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. బర్మాలో తెలుగు కూలీలందరినీ కలిపి "కోరంగీలు" అనేవాళ్ళు, గౌరవంగా మాత్రం కాదు. గోదావరి నుంచి గంజాం దాకా తీరం పొడుగునా రంగూన్‌ని "రంగం" అనేవాళ్ళు. వరి కోతలకీ, బియ్యం మిల్లులకీ, రేవులో మూటలు మొయ్యడానికీ లక్షమందికి పైగా తెలుగువాళ్ళు బర్మాలో ఉండేవాళ్ళు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. 1930 మేలో అక్కడి రేవులో తెలుగు కూలీలు జీతాల కోసం సమ్మె చేశారు. యజమానులు వాళ్ళ చోట బర్మా కూలీలని పెట్టారు. సమ్మె తీరాక వీళ్ళని మళ్ళీ తీసుకుని వాళ్ళని పొమ్మన్నారు. ఆ గొడవ కత్తుల దాకా వెళ్ళి వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్ళే. ఇది ఏ తరగతి పుస్తకంలో ఉందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. ఆ తర్వాత కొన్ని నెలల్లో నాలుగైదు లక్షలమంది భారతీయులు బర్మా నుంచి బయల్దేరారు. ఓడ టికెట్టు దొరికినవాళ్ళు ఓడెక్కారు. మిగతావాళ్ళు నడిచారు. అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్‌కి, తము మీదుగా మణిపూర్‌కి, హుకాంగ్ లోయలోంచి అస్సాంకి. కలరా, మలేరియా, ఆకలి, వాన. దారిలో చచ్చిపోయినవాళ్ళెంతమందో ఎవరూ సరిగ్గా లెక్కపెట్టలేదు. తక్కువ అంచనా వేసినవాళ్ళు కూడా పదివేలకి దిగరు, ఇంకొందరు యాభైవేలు దాటిస్తారు. ఆ నడకలో కూడా తెల్లవాళ్ళకొక దారి, నల్లవాళ్ళకొక దారి అయిందని ఆ రోజుల్లోనే కాంగ్రెస్ నాయకులు దుమ్మెత్తిపోశారు.

మా మామ్మ వాళ్ళ బాబాయి ఒకాయన ఆ లక్షల్లో ఉండాలి. ఉండాలి అంటున్నాను, ఎందుకంటే ఇంట్లో ఆయన గురించి మిగిలింది ఒక్క వాక్యం: "రంగం పోయాడు." చిన్నప్పుడు నేను దాన్ని ఊరు వెళ్ళాడనే అర్థంలోనే విన్నాను. కాస్త పెద్దయ్యాక, "మరి ఎప్పుడొచ్చాడు?" అని అడిగితే మామ్మ, "పోయాడని చెప్పానుగా" అంది. వెళ్ళడానికీ చావడానికీ మన భాషలో ఒకటే క్రియ. ఆ ఒక్క క్రియలో మా ఇంట్లో రెండో ప్రపంచ యుద్ధం మొత్తం సర్దుకుని కూచుంది. అది యుద్ధమని మామ్మకి తెలుసు. నాకు తెలీదు. ఎందుకంటే నేను బడికెళ్ళాను.

*

మిగతావాళ్ళని కూడా చూడండి.

1939లో రెండు లక్షలున్న భారత సైన్యం 1945కి దాదాపు 25 లక్షలయింది. ఉత్తర ఆఫ్రికాలో, ఇటలీలో, మలయాలో, బర్మాలో పోరాడింది. 87 వేలమందికి పైగా చనిపోయారు. కొత్తగా చేరినవాళ్ళని ఎక్కువగా పంపిన ప్రాంతాల్లో, పంజాబ్ తర్వాత చెప్పుకోవలసింది మద్రాసు ప్రెసిడెన్సీ. 1944లో కోహిమా, ఇంఫాల్ దగ్గర జపాన్ సైన్యాన్ని ఆపిన సేనలో ఎక్కువమంది భారతీయులు. 2013లో లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియం బ్రిటన్ చేసిన యుద్ధాలన్నిట్లో గొప్పది ఏది అని ఓటింగ్ పెడితే వాటర్లూని కూడా దాటి ఆ ఇంఫాల్-కోహిమాయే గెలిచింది. వాళ్ళు మన నేల మీద, మనవాళ్ళతో చేసిన యుద్ధాన్ని తమ గొప్ప యుద్ధంగా ఎంచుకున్నారు. మనకి మన యుద్ధమన్న సంగతే తెలీదు. కోహిమా శ్మశానవాటికలో దహనం చేసిన హిందూ, సిక్కు సైనికుల పేర్లు 917 చెక్కి ఉన్నాయి. ఎవరి కోసం చచ్చిపోయారు వాళ్ళు? ఈ ప్రశ్నకి మన దగ్గర ఒక్క వాక్యంలో చెప్పే జవాబు లేదు. అందుకే వాళ్ళు పాఠంలో లేరు.

ఎందుకంటే అదే ఇంఫాల్‌లో అవతలి వైపు కూడా భారతీయులున్నారు. నేతాజీ ఫౌజు. అందులో మన హైదరాబాదువాడు ఆబిద్ హసన్ ఉన్నాడు. నేతాజీతో పాటు జలాంతర్గామిలో ప్రయాణం చేసినవాడు, "జైహింద్" అనే పలకరింపు ఇచ్చినవాడు. అంటే ఒకే కొండల్లో, ఒకే వానలో, భారతీయులు భారతీయుల మీద తుపాకులు పేల్చుకున్నారు. ఒకళ్ళు దేశం కోసమని. ఇంకొకళ్ళు జీతం కోసమో, పరువు కోసమో, జపాన్ వాడు ఇంకా దుర్మార్గుడన్న నమ్మకంతోనో. చరిత్ర అంటే ఏమిటో పదిహేనేళ్ళ పిల్లలకి చెప్పడానికి ఇంతకన్నా మంచి దృశ్యం నాకు తెలీదు. దాన్ని మనం ఒకవైపు కత్తిరించి, ఫ్రేము కట్టి, గోడకి తగిలించాం.

థాయిలాండ్ నుంచి బర్మాకి జపాన్ వేయించిన 415 కిలోమీటర్ల రైలుమార్గం సంగతి సినిమా పుణ్యమా అని ప్రపంచానికి తెలుసు. 1957లో వచ్చిన ఆ క్వాయ్ నది వంతెన సినిమాలో ఈల వేసుకుంటూ నడిచే తెల్ల ఖైదీలు గుర్తుంటారు. యుద్ధ ఖైదీలు సుమారు 12 వేలమంది అక్కడ చనిపోయారు. ఆసియా కూలీలు ఎంతమంది? తొంభైవేలకి అటూఇటూ అని అంచనా. అందులో మలయా రబ్బరు తోటల నుంచి తీసుకెళ్ళిన తమిళులున్నారు, వాళ్ళ పక్కనే తెలుగువాళ్ళూ ఉన్నారు. ఖైదీలకి వరసగా పేర్లు చెక్కిన సమాధులున్నాయి. కూలీలకి లేవు. సరే, అది హాలీవుడ్ సినిమా, వాళ్ళ కథ వాళ్ళు చెప్పుకున్నారు. మన కూలీల కథ మన పుస్తకాలు ఎందుకు చెప్పలేదు?

ఇక బెంగాల్. 1943 కరువులో ముప్ఫై లక్షలమంది పోయారు. ఇది ఎన్‌సీఈఆర్‌టీలో ఉంది. ఎక్కడ? మా మేనకోడలు కిందటేడు చదివిన తొమ్మిదో తరగతి అర్థశాస్త్రంలో, ఆహార భద్రత పాఠంలో. పాఠం బాగానే ఉంది. బియ్యం ఉత్పత్తి లెక్కల పట్టిక ఇచ్చి, కొరత వల్లే కరువొచ్చిందంటారు, మీరేమంటారు అని పిల్లల్ని అడుగుతుంది కూడా. అదే ఏడాది చరిత్ర పుస్తకంలో హిట్లర్ మీద పూర్తి పాఠం ఉంది. ఒకటే యుద్ధం, ఒకటే సంచీలో రెండు పుస్తకాలు. జపాన్ వాళ్ళ చేతికి చిక్కకూడదని బెంగాల్ తీరంలో పదిమందికి మించి పట్టే పడవలన్నీ ప్రభుత్వం లాగేసుకుందని, మిగులు ధాన్యం ఎత్తుకుపోయిందని, బర్మా బియ్యం ఆగిపోయిందని, ముందు సైన్యానికీ కలకత్తా ఫ్యాక్టరీలకీ తిండి చూశారని, పల్లెటూరి కూలీ వరస చివర్లో నిలబడ్డాడని చరిత్ర పుస్తకం చెప్పదు. ఆ ముప్ఫై లక్షలమందీ యుద్ధంలో చచ్చిపోయినవాళ్ళు. మన పిల్లలకి మాత్రం వాళ్ళు ధాన్యం సమస్యలో చచ్చిపోయారు.

*

నేను రోజూ డేటాబేస్‌లతో పనిచేస్తాను. అక్కడ ఒక సంగతి అనుభవంలో తెలిసింది. టేబుల్‌లో ఒక కాలమ్ లేకపోతే ఆ సమాచారం ఎక్కడా నిలవదు. చాలాసార్లు ఎర్రర్ కూడా రాదు. ప్రోగ్రాం హాయిగా నడుస్తుంది, రిపోర్టు అందంగా వస్తుంది, ఏదో పోయిందని కూడా ఎవరికీ తెలియదు.

మన చరిత్ర పాఠం టేబుల్‌లో రెండే కాలమ్‌లున్నాయి. దేశం కోసం పోరాడినవాడు, దేశానికి ద్రోహం చేసినవాడు. భగత్‌సింగ్ మొదటి దాంట్లో పడతాడు. డయ్యర్ రెండో దాంట్లో పడతాడు. జీతానికి కోహిమాలో చచ్చిపోయిన తెలుగు జవాను ఎందులో? రంగం రేవులో బర్మావాడి పొట్టకొట్టాడన్న మాట పడి, బ్రిటిష్‌వాడి చేత వదిలేయబడి, జపాన్‌వాడి బాంబుకి పరిగెత్తిన కోరంగీ ఎందులో? తన పడవ తన ప్రభుత్వమే లాక్కుంటే చచ్చిపోయిన బెంగాల్ జాలరి ఎందులో? యుద్ధంలో ఎక్కువమంది ఇలాంటివాళ్ళే. ఎవరి వైపూ ఎంచుకోనివాళ్ళు, ఎంచుకునే వీలే లేనివాళ్ళు. వాళ్ళని ఎవరూ కావాలని దాచలేదు. వాళ్ళు టేబుల్‌లోకి ఎక్కలేదు, అంతే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. "దాచేసిన చరిత్ర" అని వాట్సాప్‌లో రోజూ తిరిగే సరుకుకి నేను మద్దతిస్తున్నానని కొందరు సంతోషపడొచ్చు. వద్దు. ఆ సరుకు చేసే పని ఏమిటి? ఒక ఫోటో తీసేసి దాని మేకుకి ఇంకో ఫోటో తగిలిస్తుంది. గాంధీ బొమ్మ దింపి నేతాజీ బొమ్మ పెడుతుంది. మేకు అదే, గోడ అదే, కింద నిలబడి దండం పెట్టే పద్ధతీ అదే. అందులో కూడా ఇంఫాల్‌లో అవతలి వైపు జవానుకి చోటు లేదు. కోరంగీకి అసలే లేదు. బడి వదిలిన ఖాళీ ఖాళీగా ఉండదు. బడి చెప్పకపోతే చెప్పడానికి ఫోన్లో ఎవడో ఒకడు సిద్ధంగా ఉంటాడు, వాడు బడికన్నా బాగా కథ చెబుతాడు కూడా.

అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది, సిలబస్ ఇప్పటికే మోయలేనంత ఉందని. నిజమే. నాకు సాంఘిక శాస్త్రం చెప్పిన మాస్టారు మంచివాడు. డిసెంబర్‌కల్లా పుస్తకం అవగొట్టి రివిజన్ మొదలుపెట్టకపోతే ఆయన ఉద్యోగానికే ముప్పు. ఆయన్ని నేనేమీ అనను. అయితే నేను పేజీలు కలపమనడం లేదు. కారణాలు ఎనిమిది, ఫలితాలు పది అని బట్టీ పట్టించే చోట నాలుగు తగ్గించి, ఆ జాగాలో ఒక ఊరు, ఒక మనిషి, ఒక దారి పెట్టమంటున్నాను.

రెండోది, అది బ్రిటిష్‌వాళ్ళ యుద్ధం, మనకెందుకు అని. దేశభక్తిలా వినిపిస్తుంది గానీ ఈ మాట వెనక ఉన్నది చేతులు దులుపుకోవడమే. మనల్ని అడక్కుండా దింపారన్నదే కదా అప్పటి కాంగ్రెస్ అభ్యంతరం! అడక్కుండా దింపబడ్డవాళ్ళకి ఏమయిందో చెప్పకపోతే ఆ అభ్యంతరానికి విలువేముంది? పైగా ఆ యుద్ధం మన ఇళ్ళలోంచి పూర్తిగా వెళ్ళిపోలేదు. రేషన్ షాపు ఆ యుద్ధంలో పుట్టింది. నిజాం రాజ్యంలో యుద్ధకాలపు ధాన్యం లెవీ రైతుల్లో రాజేసిన కోపం లేకుండా తెలంగాణ సాయుధ పోరాటాన్ని ఎవరైనా వివరించగలరా? 1942 నుంచి 1945 దాకా దేశం మొత్తం గడియారాలు గంట ముందుకి తిప్పుకుని బతికింది. ఇదంతా బ్రిటిష్‌వాళ్ళకా జరిగింది?

మూడోది మనకి సంబంధించింది, అంటే ఇలాంటి పత్రికలు చదివే మనకి. బడి చెప్పకపోతే సాహిత్యం చెబుతుంది కదా అని. చెప్పిందా? పదో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో ఆన్ ఫ్రాంక్ డైరీ భాగం ఉంది. ఉండాలి. దాన్ని తీసెయ్యమనే మూర్ఖత్వం నాకు లేదు. ఆ పిల్ల పేరు వింటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. కానీ బర్మా నడక గురించి నేను మొదటిసారి చదివింది అమితవ్ ఘోష్ 'ద గ్లాస్ ప్యాలెస్'లో, ఇంగ్లీషులో, ఇరవై ఆరేళ్ళ వయసులో, బెంగుళూరు పీజీ హాస్టల్లో. ఆ పుస్తకం మూసి నేను చేసిన మొదటి పని మామ్మకి ఫోన్ చెయ్యడం. అప్పటికే ఆవిడకి చెవుడు. "రంగం గురించి చెప్పవే" అని అరిస్తే, "రంగమ్మ బానే ఉంది, మొన్నే వచ్చి వెళ్ళింది" అంది.

'రంగూన్ రౌడీ' అని నాటకం ఆడారు, తర్వాత ఆ పేరుతో సినిమా తీశారు. రంగూన్ మన ఊహల్లో అంత దగ్గరి ఊరు. అక్కణ్ణుంచి నడిచొచ్చినవాళ్ళ గురించి ఎన్ని కథలున్నాయో, వాటిలో మనం ఎన్ని చదివామో ఎవరికి వాళ్ళం లెక్క వేసుకుందాం. నా లెక్క సిగ్గుపడేంత తక్కువ. యూరప్ శిబిరాల మీద వచ్చిన నవలలకి నేనే పేజీలకి పేజీలు సమీక్షలు రాశాను. విశాఖలో బర్మా క్యాంప్ అని ఒక పేటే ఉంది. అరవైల్లో బర్మా నుంచి మళ్ళీ తరిమేస్తే వచ్చినవాళ్ళది. ఇన్నిసార్లు విశాఖ వెళ్ళిన నేను అక్కడికి ఒక్కసారీ వెళ్ళలేదు.

*

ఇదంతా పాత కథల మీద మమకారమే అయితే నేను ఇంత గొంతు చించుకోను.

2025 మే 7న దేశమంతా యుద్ధ సైరన్ల మాక్ డ్రిల్ పెట్టారు. హైదరాబాదులో, విశాఖలో కూడా. ఆ రోజు మా ఆఫీసు గ్రూపులో మొదట వచ్చింది మీమ్. రెండోది పాప్‌కార్న్ బొమ్మ. సాయంత్రానికి చదువుకున్న, మంచి మనుషులైన, రోడ్డు మీద కుక్కపిల్లకి దెబ్బ తగిలితే విలవిల్లాడే నా స్నేహితులు ఏ నగరం మీద ఎన్ని క్షిపణులు వేస్తే సరిపోతుందో లెక్కలు కడుతున్నారు. అవతలివాళ్ళు చేసింది ఘోరం కాదని నేననడం లేదు. దాడికి జవాబు ఇవ్వాలా వద్దా అన్నది వేరే చర్చ. నేను చూసింది ఏమిటంటే, ఆ గ్రూపులో ముప్ఫైమందిమి ఉంటే, యుద్ధం తన ఊరికి వస్తుందన్న ఊహ ఒక్కరికీ లేదు. ఎలా ఉంటుంది? యుద్ధం యూరప్‌లో జరుగుతుంది, సరిహద్దులో జరుగుతుంది, టీవీలో జరుగుతుంది. సైరన్ మోగితే బియ్యం ధర ఏమవుతుందో, పడవ ఎవరిదవుతుందో, ఓడ టికెట్టు ఎవరికి దొరుకుతుందో, ఎవరు నడవాల్సి వస్తుందో మాకు ఏ తరగతిలోనూ చెప్పలేదు. ఆ నడిచినవాళ్ళ మునిమనవళ్ళం మేమే అయినా.

విశాఖ బీచ్‌లోనే 1971 విజయానికి గుర్తుగా స్తూపం ఉంది. దానికి దగ్గర్లో జలాంతర్గామి మ్యూజియం ఉంది, టికెట్టు కొనుక్కుని పిల్లల్ని తీసుకెళతాం. మంచిదే. గెలిచిన యుద్ధానికి స్తూపం ఉంది. పారిపోయిన యుద్ధానికి ఇసుకలో కూరుకుపోతున్న సిమెంటు గది ఉంది, పక్కన ఒక బోర్డు పాతినా సరిపోయేది. గెలిచిన యుద్ధాలు మాత్రమే చెప్పిన బడి, యుద్ధమంటే గెలుపని నేర్పుతుంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. తీర ప్రాంతపు బడుల్లో ఒక్క పీరియడ్. 1942 ఏప్రిల్‌లో మీ ఇంట్లోవాళ్ళు ఎక్కడున్నారో అడిగి ఒక పేజీ రాసుకురండి అని ఒక్క ప్రాజెక్టు. ఇంఫాల్ గురించి ఒకే పేజీలో ఇద్దరు జవాన్లు, అటొకడు ఇటొకడు, కింద ఒక ప్రశ్న: వీళ్ళిద్దరిలో నువ్వయితే ఏం చేసేవాడివి? దీనికి మార్కులు ఎలా వెయ్యాలని అడుగుతారు. వెయ్యకండి. ఒక్క ప్రశ్నకి మార్కులు లేకపోతే బడి కూలిపోదు. ఆలస్యం మాత్రం చెయ్యొద్దు. 1942లో పదేళ్ళున్నవాళ్ళకి ఇప్పుడు తొంభై దాటాయి.

ఆ రోజు బీచ్ నుంచి ఇంటికొచ్చాక మా మేనకోడలు ఫోన్లో తీసిన పిల్‌బాక్స్ ఫోటోలు చూసుకుంటూ కూచుంది. నేను కోరంగి గురించి, రంగం గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. మధ్యలో ఒకసారి, "ఇది బోర్డు ఎగ్జామ్‌లో వస్తుందా?" అంది. రాదన్నాను. అయినా విన్నది. చివర్లో అడిగింది:

"ఆయన పేరేంటి మామయ్యా?"

నాకు తెలీదు. అక్కని అడిగాం, తెలీదంది. నాన్నకి ఫోన్ చేశాం, ఆయనకీ తెలీదు. మామ్మకి తెలుసు. మామ్మ పోయి ఐదేళ్ళయింది.